మిషన్ ఎవరిది?

మా వీధి చివర, పశ్చిమ మారేడ్‌పల్లిలో, ఒక లేబర్ ప్లీడరుగారున్నారు. నలభై ఏళ్ళ ప్రాక్టీసు. యూనియన్ల తరఫున తప్ప యాజమాన్యాల తరఫున ఏనాడూ వకాలత్ వెయ్యలేదని ఆయన గర్వం. అందుకే ఇంటికి సున్నం వేయించి పన్నెండేళ్ళయిందని వాళ్ళావిడ వివరణ. ఆయన మేనకోడలు లా కాలేజీలో కార్మిక చట్టం చెబుతుంది. టొరంటోలో ఎల్.ఎల్.ఎం. చదివి వచ్చింది. ఈమధ్య ఒక ప్రైవేటు యూనివర్సిటీవాళ్ళు తమ లా స్కూలుకి డీన్‌గా రమ్మని పిలిచారు. ఆ కబురు చెబుదామని ఆదివారం పొద్దున్నే వచ్చింది. నేను పేపరు కోసం వెళ్ళి ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాను.

మాట డీన్ పదవి మీద మొదలై హ్యారీ ఆర్థర్స్ అనే కెనడా ఆచార్యుడి మీదికి మళ్ళింది. గుర్తున్నంతవరకు రాస్తున్నాను. నా మొగ్గు ప్లీడరుగారి వైపే ఉండవచ్చు, రోజూ వాళ్ళింటి కాఫీ తాగేవాణ్ణి గనక. పాఠకులు ఆ తేడా తీసేసి చదువుకోవాలి.

ప్లీడరు: డీన్ అంటే ఏం చేస్తాడే? హాజరు చాలని పిల్లల తండ్రులకి సర్ది చెప్పడం, ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే లైబ్రరీలో దుమ్ము దులిపించడం. దానికి నువ్వెందుకు? నా బీరువాలో రెండొందల ఫైళ్ళున్నాయి. చదవడానికి నా కళ్ళు సహకరించడం లేదు. వచ్చి కూర్చో.

లెక్చరరు: మీరు చూసిన డీన్లు అలాంటివాళ్ళు మావయ్యా. నేను చదివిన ఊళ్ళో ఇంకో రకం మనిషిని చూశాను. చూశానంటే ఆయన రాసినవి చదివాను. ఆస్‌గుడ్ హాల్ లా స్కూలుకి 1972 నుంచి 77 దాకా డీన్. లేబర్ లా ఆయన సబ్జెక్టు. 1965లో, ముప్ఫై ఏళ్ళ వయసులో, ఒక వ్యాసం రాశాడు. ఆ వ్యాసంలో పుట్టించిన మాట పదేళ్ళకి చట్టంలోకెక్కింది. యాభై అయిదేళ్ళకి తిండి పొట్లాలు మోసే కుర్రాళ్ళకి యూనియన్ హక్కు తెచ్చింది.

ప్లీడరు: మాట హక్కు తెచ్చిందా? హక్కులు గేటు దగ్గర వస్తాయి. సరే, ఏమిటా మాట?

లెక్చరరు: ‘డిపెండెంట్ కాంట్రాక్టర్.’ పేరుకి సొంత వ్యాపారి, బతుకు మాత్రం ఇంకొకడి చేతిలో. లారీ తనదే, వాయిదాలు తనే కట్టుకుంటాడు, కానీ లోడు ఒక్క కంపెనీయే ఇస్తుంది. టాక్సీవాడు, చేపలు పట్టేవాడు, పెట్రోలు బంకు లీజుకి తీసుకున్నవాడు, అందరిదీ అదే పరిస్థితి. చట్టం దగ్గర రెండే గళ్ళున్నాయి. ఒకటి ఉద్యోగి, రెండోది వ్యాపారి. వీళ్ళు వ్యాపారి గడిలో పడ్డారు. పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ప్లీడరు: యూనియన్ పెట్టుకోలేరు.

లెక్చరరు: అంతటితో అయిపోలేదు. నలుగురు లారీవాళ్ళు కూడి “ఈ కిరాయికి తక్కువైతే ఎక్కించం” అన్నారనుకోండి. ఉద్యోగులైతే అది బేరం. వ్యాపారులైతే ధరల కుమ్మక్కు, పోటీ చట్టం కింద నేరం. ఒకే మాట ఒక గడిలో హక్కు, ఇంకో గడిలో నేరం! ఆర్థర్స్ పట్టుకున్నది ఇక్కడ.

ప్లీడరుగారు కాసేపు మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ఎదుటివాళ్ళ పాయింటు బాగుంటే ఆయన చేసే పని అది. కోర్టులో ఈ సంగతి ఆయన ప్రత్యర్థులకి కూడా తెలుసు.

ప్లీడరు: జబ్బు బాగానే కనిపెట్టాడు. మందుతోనే నాకు పేచీ. మూడో గడి ఎందుకు? ఉన్న గడినే పెద్దది చెయ్యొచ్చుగా! మన ఊరి కేసే ఉంది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్, 1973, సుప్రీంకోర్టు.

లెక్చరరు: ఏటా క్లాసులో చెబుతాను మావయ్యా.

ప్లీడరు: చెబుతావులే, మళ్ళీ విను. దర్జీ కొట్లలో కుట్టేవాళ్ళు. జీతం లేదు, పీస్ రేటు. ఎప్పుడొచ్చినా అడిగేవాడు లేడు, పని లేని రోజున ఇంకో కొట్టుకి పోయినా అడిగేవాడు లేడు. కొందరు గుడ్డ ఇంటికి పట్టుకెళ్ళి కుట్టేవాళ్ళు. “వీళ్ళు నా పనివాళ్ళు కారు, ఎవరికి వారే కాంట్రాక్టర్లు” అన్నాడు కొట్టువాడు. కోర్టు ఏమంది? కుట్టు బాగా లేకపోతే విప్పి మళ్ళీ కుట్టమనే అధికారం ఎవరిది? కొట్టువాడిది. మిషన్ ఎవరిది? కొట్టువాడిది. ఇంకేం కావాలి, పనివాళ్ళే అంది. ఏ కొత్త మాటా పుట్టించలేదు. షాపుల చట్టం ఉన్నది ఉన్నట్టుగా వాళ్ళకి వర్తించింది. అంతకుముందు 1969లో ఏలూరు పొగాకు కేసు కూడా అంతే. అక్కడి కూలీలు మాకేం కారన్నాడు మేనేజరు, ఫ్యాక్టరీ చట్టం కింద వాళ్ళూ వర్కర్లే అంది కోర్టు.

లెక్చరరు: ఆ మిషన్ ప్రశ్నే నాకూ ఇష్టం. ఇప్పుడు టొరంటోకి రండి. ఫుడోరా అని ఒక కంపెనీ. సైకిళ్ళ మీద, కార్లలో హోటళ్ళ నుంచి భోజనం ఇళ్ళకి చేర్చేవాళ్ళు. టొరంటో, మిస్సిసాగా కుర్రాళ్ళు తపాలా కార్మికుల యూనియన్‌లో చేరతామన్నారు. కంపెనీ అదే పాత పాట. సైకిలు వాడిది, ఫోను వాడిది, ఇష్టమైనప్పుడు వస్తాడు, కాబట్టి వాడే ఒక వ్యాపారి. 2020 ఫిబ్రవరిలో ఒంటారియో లేబర్ బోర్డు ఏమందో తెలుసా? సైకిలు వాడిదే కావచ్చు. కానీ ఈ పనిలో అసలు పనిముట్టు యాప్. అది కంపెనీది.

ప్లీడరు: ఓహో!

లెక్చరరు: రేటు కుర్రాడు పెట్టలేడు. షిఫ్టు సరిగ్గా చెయ్యకపోతే తర్వాత మంచి షిఫ్టులు దొరకవు. వ్యాపారిగా నాలుగు డబ్బులు వెనకేసుకునే దారి ఎక్కడా లేదు. అందుకని డిపెండెంట్ కాంట్రాక్టర్లు అంది. ఆ మాట 1975 నుంచి ఒంటారియో చట్టంలో ఉంది గనక అనగలిగింది. మీ దర్జీల తీర్పు ఇచ్చిన జడ్జీలకి మిషన్ కనపడింది. యాప్ కంటికి కనపడదు మావయ్యా. రేపు మన కోర్టులో “సైకిలు ఎవరిది” అని అడిగి ఊరుకుంటే మీ తీర్పే మీకు ఎదురు తిరుగుతుంది.

(ఈ దెబ్బ బాగా తగిలిందని నాకనిపించింది. ఆయన ఒప్పుకోలేదు.)

ప్లీడరు: తిరగదు. మిషన్ అంటే ఇనప మిషనే అని ఎవరన్నారు? వాదించేవాడికి వాదించడం రావాలి. సరే, నీ మూడో గడి కథ మన దేశంలో ఏమైందో చూడు. సామాజిక భద్రతా కోడ్, 2020. గిగ్ వర్కర్ అని పేరు పెట్టారు. నిర్వచనం ఏమిటి? యజమాని-ఉద్యోగి అనే సంప్రదాయ సంబంధానికి వెలుపల పనిచేసేవాడు. పేరు పెట్టి మరీ వెలుపల కూర్చోబెట్టారు! 2025 నవంబరులో కోడ్లన్నీ అమల్లోకొచ్చాయి. ఈ వెలుపలివాడికి దక్కేదేమిటి? కంపెనీ ఏడాది టర్నోవరులో ఒక శాతం నుంచి రెండు శాతం దాకా ఒక నిధికి కట్టాలి. అది కూడా వాళ్ళకిచ్చే మొత్తంలో అయిదు శాతం దాటక్కర్లేదు. కనీస వేతనం లేదు, పనిగంటల లెక్క లేదు, బేరమాడే హక్కు గురించి ఒక్క ముక్క లేదు. గోడకి మూడో తలుపు పెడితే యజమాని అందులోంచే జారుకుంటాడని నేననేది ఇదే. మీ ప్రొఫెసర్లు తలుపులు కొడతారు, ఎవడు బయటికి పోతున్నాడో చూడరు.

లెక్చరరు: అక్కడే తేడా ఉంది మావయ్యా, దయచేసి కలపొద్దు. ఒంటారియో చట్టంలో డిపెండెంట్ కాంట్రాక్టర్ ఉద్యోగికి వెలుపల లేడు. యూనియన్ చట్టం కోసం “ఉద్యోగి” అంటే అతను కూడా అని రాశారు. మూడో గడి కట్టి దాన్ని మొదటి గడిలోనే పెట్టారు. మన కోడ్ మూడో గడిని వీధిలో పెట్టింది. పేరు పెట్టడం తప్పు కాదు. పేరు ఎక్కడ రాశారన్నదే మొత్తం సంగతి. ఆ తేడా పసిగట్టే లాయరుని తయారుచెయ్యడానికే నేను డీన్ అవుతానంటున్నాను.

లోపల్నించి రెండో విడత కాఫీ వచ్చింది. వాళ్ళావిడ గ్లాసులు పెడుతూ “ఇద్దరూ ఒకే మాట చెబుతూ ఇంతలా అరుచుకోవడం ఎందుకండీ” అంది. ఇద్దరూ ఒక్కసారే “కాదు” అన్నారు.

ప్లీడరు: తయారుచేస్తావా? మీ ఆర్థర్స్ ఏం తయారుచేశాడో చెప్పు. డీన్‌గా అయిదేళ్ళు, సరే. వ్యాసాల సంగతి వదిలెయ్. స్కూల్లో ఏం చేశాడు?

లెక్చరరు: ముందు ఆ స్కూలు చరిత్ర వినాలి. ఆస్‌గుడ్ యూనివర్సిటీ పెట్టినది కాదు, వకీళ్ళు పెట్టుకున్నది. అప్పర్ కెనడా లా సొసైటీ 1889 నుంచి నడిపింది. పిల్లవాడు సగం పూట లాయరు ఆఫీసులో గుమాస్తాగిరీ, సగం పూట క్లాసు. 1949లో డీన్ సీజర్ రైట్ ఇది చదువు కాదని తెగేసి చెప్పాడు. పెద్ద వకీళ్ళు వినలేదు. రైట్, బోరా లాస్కిన్, జాన్ విల్లిస్ రాజీనామా చేసి టొరంటో యూనివర్సిటీకి వెళ్ళిపోయారు. లాస్కిన్ లేబర్ లా మనిషే. తర్వాత కెనడా ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఆర్థర్స్ చదివింది వీళ్ళ దగ్గర, 1958 దాకా. హార్వర్డ్ వెళ్ళొచ్చి పాఠం చెప్పడానికి చేరింది మాత్రం తన గురువులు తలుపు విసిరికొట్టి వచ్చిన ఆ ఆస్‌గుడ్‌లోనే.

ప్లీడరు: గుమాస్తాగిరీలో తప్పేముంది? నేను నేర్చుకున్నది అలాగే. మా సీనియరు దగ్గర మూడేళ్ళు క్లెయిమ్ స్టేట్‌మెంట్లు కాపీ చేశాను. చట్టం ఆ తర్వాతే అర్థమైంది.

లెక్చరరు: మీకు సీనియరు దొరికాడు. దొరకనివాళ్ళ మాటేమిటి? పైగా ఆర్థర్స్ ఆఫీసుని కాదనలేదు, ఏ ఆఫీసు అని అడిగాడు. 1960ల చివర్లో ఆ స్కూలు ఊరి నడిబొడ్డు కోర్టుల పక్కనుంచి లేచి ఊరి చివర యార్క్ యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్ళిపోయింది. అక్కడ చుట్టూ ఖాళీ స్థలం, ఒక్క కక్షిదారూ కనపడడు. 1971లో పార్క్‌డేల్ అనే బీదల పేటలో ఒక న్యాయ సహాయ కేంద్రం తెరిచారు. విద్యార్థులు సెమిస్టరు మొత్తం అక్కడే పని. ఇల్లు ఖాళీ చేయించినవాళ్ళు, జీతం ఎగ్గొట్టించుకున్నవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు అక్కడి కక్షిదారులు. ఆర్థర్స్ డీన్ కుర్చీలో కూర్చునేనాటికి దానికి ఏడాది వయసు. ఒంటారియోలో అలాంటి కేంద్రాల్లో అదే మొదటిది, ఇప్పటికీ నడుస్తోంది. నేను మూడు వారాలు వెళ్ళి చూశాను. మీ వరండాలాగే ఉంటుంది, కుర్చీలు ఎక్కువ.

ప్లీడరు: ఇది బాగుంది. ఇది చేస్తానంటే డీన్ కమ్మని నేనే చెబుతాను. కానీ ఆ మనిషే తర్వాత ఒక రిపోర్టు రాశాడని నువ్వే ఒకసారి చెప్పావు. లా స్కూళ్ళు మరీ వృత్తి వైపు పోతున్నాయి, పరిశోధన లేదు అని. దానికేమంటావు?

లెక్చరరు: ‘లా అండ్ లెర్నింగ్’, 1983. సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి కోరితే రాసింది. ఆయన అధ్యక్షుడు. కెనడా లా మేష్టార్లు తీర్పులు పేర్చి నోట్సు రాయడమే పరిశోధన అనుకుంటున్నారని గట్టిగానే రాశారు. వకీళ్ళకి కోపమొచ్చింది, మేష్టార్లకి ఇంకా కోపమొచ్చింది.

ప్లీడరు: నాకూ వస్తోంది. మా దగ్గరికొచ్చే జూనియర్లకి రాజ్యాంగ సిద్ధాంతం వచ్చు, ‘క్రిటికల్’ అని ఏదో వచ్చు. డొమెస్టిక్ ఎంక్వైరీలో సాక్షిని అడగాల్సిన మొదటి ప్రశ్న రాదు. సెక్యూరిటీ గార్డుని ఏజెన్సీవాడు తీసేస్తే పార్టీగా ఎవర్ని చేర్చాలో తెలీదు. ఏజెన్సీ ఒక్కదాన్నే చేరుస్తారు, అది ఈలోగా బోర్డు తిప్పేస్తుంది. పదేళ్ళ తర్వాత బ్యాక్ వేజెస్‌తో అవార్డు వస్తుంది, వసూలు చెయ్యడానికి మనిషి ఉండడు. దీనికి పరిశోధన కావాలా?

లెక్చరరు: కావాలి! ఎన్ని ఏజెన్సీలు బోర్డు తిప్పేశాయి, ఎన్ని అవార్డులు వసూలయ్యాయి, ఏ తీర్పు పుస్తకంలో దొరుకుతుంది? మీకు మీ రెండొందల ఫైళ్ళు తెలుసు. ఇంకో ప్లీడరుకి ఇంకో రెండొందలు. ఎవరూ కూడి లెక్క తీయలేదు. ఆర్థర్స్ అడిగిన పరిశోధన ఇదే. చట్టం పుస్తకంలో ఎలా ఉందో కాదు, గేటు లోపల ఎలా నడుస్తోందో చూడాలన్నాడు. 1985లో ఒక పుస్తకం రాశాడు, ‘వితౌట్ ది లా’. పందొమ్మిదో శతాబ్దం ఇంగ్లండులో పెద్ద కోర్టులకి బయట చిన్న చిన్న స్థానిక కోర్టులు, తనిఖీ అధికారులు, వ్యాపారుల కట్టుబాట్లు ఎలా న్యాయం నడిపాయో తవ్వి చూపించాడు. మీరే ఎప్పుడూ అంటారుగా, స్టాండింగ్ ఆర్డర్సు గోడమీద ఉంటాయి, ఫ్యాక్టరీ మాత్రం సూపర్‌వైజరు నోటిమీద నడుస్తుందని.

ప్లీడరు: అంటాను. అది రాసుకోవడానికి పుస్తకం కావాలని తెలీదు. (నవ్వారు.) సరే, ఇంకొకటి అడుగుతాను. నీ మనిషి ఏ పక్షం? ఏళ్ళ తరబడి ఆర్బిట్రేటరుగా చేశాడన్నావు. ఆర్బిట్రేటరంటే ఇద్దరికీ నచ్చాలి. ఇద్దరికీ నచ్చినవాడు ఎవరికీ పనికిరాడు. ఆ తర్వాత 1985లో యార్క్ యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యాడు. ఏడేళ్ళు. అంటే యజమాని కుర్చీ! కార్మిక చట్టం చెప్పినవాడు బేరం బల్లకి అవతలి వైపు కూర్చున్నాడు.

లెక్చరరు: కూర్చున్నాడు. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆర్బిట్రేటరు సంగతి అలా తీసిపారెయ్యకండి. అక్కడ యూనియనుకీ కంపెనీకీ తగువొస్తే ఒప్పందం ప్రకారం ఇద్దరూ కూడి ఒకరిని ఎన్నుకుంటారు, ఆయన విని తేలుస్తాడు. ఇక్కడ పదేళ్ళు పట్టే ఫైలు అక్కడ పదేళ్ళు ఉండదు. కొద్దిపాటి కూలి బాకీ కోసం, అన్యాయంగా పడిన సస్పెన్షన్ కోసం రోజుల తరబడి కూర్చుని విన్న మనిషి రాసే సిద్ధాంతం వేరుగా ఉంటుంది.

ప్లీడరు: 2006 రిపోర్టు ఏమైంది? అది కూడా నువ్వే చెప్పావు.

లెక్చరరు: ‘ఫెయిర్‌నెస్ ఎట్ వర్క్’. బ్యాంకులు, రైళ్ళు, విమానాలు, టెలిఫోన్లు, ఇలా కేంద్రం చేతిలో ఉన్న రంగాల్లో పనిగంటలు, సెలవులు, జీతాల కనీస ప్రమాణాల మీద రాసింది. అందులో ‘స్వతంత్ర కార్మికులు’ అని ఇంకో గడి కూడా ప్రతిపాదించాడు.

ప్లీడరు: మళ్ళీ గడా!

లెక్చరరు: మళ్ళీ. చాలా ఏళ్ళు అది అలమారలో ఉంది. ఒప్పుకుంటాను.

ప్లీడరు: చివరికి ఆయనే 2011లో ఏం రాశాడు? కార్మికులనే గుర్తింపే కరిగిపోతోంటే కార్మిక చట్టానికి కాళ్ళెక్కడివి అన్నాడా లేదా? జీవితమంతా ఇల్లు కట్టి, ఆఖరికి పునాది లేదని బోర్డు పెట్టాడు. ఇదీ నీ డీన్ కెరీరు.

ఇక్కడ ఆమె మొదటిసారి తడబడింది. కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చుంది. బయట రోడ్డు మీద ఎర్ర టీ షర్టు కుర్రాడు బండి ఆపి, ఫోన్‌లో ఇంటి నంబరు వెతుక్కుంటున్నాడు. మా వీధిలో నంబర్లు వరసగా ఉండవు. ఆ వెతికే నిమిషాలకి కూలి ఎవరిస్తారో నాకు తట్టింది గానీ అడగలేదు.

లెక్చరరు: రాశాడు. అబద్ధం రాయలేదు. 1965 వ్యాసానికి పూర్తి పేరేమిటో ఇందాక చెప్పలేదు. ‘ది డిపెండెంట్ కాంట్రాక్టర్’ అని ఊరుకోలేదు. దీటైన బలానికి ఎదురయ్యే చట్టపరమైన చిక్కుల పరిశీలన అని ఉపశీర్షిక పెట్టాడు. లారీవాడికి పేరు పెడితే చాలని ఆయన ముప్ఫై ఏళ్ళప్పుడూ అనలేదు. అవతలివాడి బలానికి ఎదురుగా ఇవతల బలం కూడాలి, కూడబోతే చట్టం అడ్డుపడకూడదు అన్నాడు. 2011లో అన్నదీ అదే, కూడేవాళ్ళు తగ్గిపోయారని. మీరు గేటు అంటున్నది దాన్నే.

ప్లీడరు: మరి ఫుడోరా కుర్రాళ్ళు కూడారుగా. ఏమైంది వాళ్ళకి?

లెక్చరరు: తీర్పొచ్చిన రెండు నెలలకి, ఏప్రిల్లో, కెనడా వదిలేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. మే నెలలో యాప్ మూసేశారు.

ప్లీడరు: (చెయ్యి బల్ల మీద చరిచి) చూశావా! మిషన్ మూట కట్టుకుని పోయాడు. యాప్ గనక పోవడం ఇంకా తేలిక. నా దర్జీ కొట్టువాడు కనీసం షట్టరు దింపడానికి తాళం వెతుక్కోవాలి.

లెక్చరరు: ఓట్ల పెట్టె మాత్రం జూన్‌లో తెరిచారు. ఓటింగు అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే జరిగింది, తీర్పు కోసం సీలు వేసి ఉంచారు. నూటికి ఎనభై ఎనిమిదికి పైగా యూనియన్‌కి ఓటేశారు. ఆ తర్వాత కుర్రాళ్ళకి ఇవ్వడానికి దాదాపు 35 లక్షల డాలర్లకి కంపెనీ రాజీ చేసుకుంది. పేరు లేకపోతే ఆ డబ్బూ లేదు, ఆ లెక్కింపూ లేదు.

ప్లీడరు: ఆ పని కూడా లేదు.

ఇద్దరూ ఆగారు. నాకు వాదన అక్కడ ఇద్దరి చేతుల్లోంచీ జారిపోయినట్టనిపించింది. ఎవరు గెలిచారని అడిగితే, పాయింట్లలో ఆమె, మిగతాదాంట్లో ఆయన అంటాను. న్యాయమూర్తిని కాను గనక తీర్పు ఇలా రాయొచ్చు.

ప్లీడరు: ఎప్పటిలోగా చెప్పాలి వాళ్ళకి?

లెక్చరరు: నెలాఖరులోగా.

ప్లీడరు: డీన్‌వి కా. కాదనను. కానీ ఒప్పుకునే ముందు రెండు షరతులు కాగితం మీద రాయించుకో. క్యాంపస్‌లో కాదు, లేబర్ కోర్టు దగ్గర ఒక గది. రెండో సంవత్సరం పిల్లలు సెమిస్టరు మొత్తం అక్కడ. ఇస్తారా?

లెక్చరరు: అడుగుతాను. ఇవ్వకపోతే?

ప్లీడరు: ఇవ్వకపోతే బీరువా ఇక్కడే ఉంది.

లేచి వెళ్ళి పై అరలోంచి ఒక ఫైలు తీశారు. తాడు విప్పకుండానే ఆమె ఒళ్ళో పెట్టారు. సెక్యూరిటీ గార్డు కేసు, 2016 నాటిది. ఏజెన్సీనీ, దాన్ని పెట్టుకున్న కంపెనీనీ ఇద్దర్నీ చేర్చారు. మేనేజరు క్రాస్ ఎగ్జామినేషన్ బుధవారం.

“యూనిఫాం ఎవరు కుట్టించారు, సెలవు చీటీ మీద సంతకం ఎవరిది. మొదట ఈ రెండూ అడుగు” అన్నారు.

డీన్ ఉద్యోగానికి ఆమె ఇంకా జవాబు రాయలేదు. బుధవారం కోర్టుకి మాత్రం వెళ్ళింది. మేనేజరు రాలేదు, కేసు వచ్చే నెలకి వాయిదా పడింది.